వెలగని చింతపండు పిప్పి

నేను ఒక చింతపండు పిప్పిని. చారు పెట్టేముందు పులుసంతా పిండుకున్నాక అరచేతిలో కాస్త పీచూ తొక్కూ మిగులుతాయి చూడండి, మీరు సింకు మూలకు విసిరేస్తారే, అదే నేను. పొదుపైన ఇల్లాలైతే విసరదు. ఓ చిప్పలో దాచి మర్నాడు ఇత్తడి సామాను తోముతుంది. తోమాక కుందులు ధగధగలాడితే అందరూ కుందుల్ని మెచ్చుకుంటారు. పిప్పిని మెచ్చుకున్నవాళ్ళను మా వంశంలో ఎవరూ చూడలేదు.

నేను పుట్టింది ఏలేశ్వరం దారిలో, రోడ్డు పక్క చెట్టు మీద. లారీల దుమ్ము తిని పెరిగాను. వేసవిలో ఆడవాళ్ళు గెడలతో రాల్చి, ఎండబెట్టి, పెంకు వలిచి బుట్టకెత్తారు. అక్కడి నుంచి పెద్దాపురం సంత, సంత నుంచి మాణిక్యాంబ గారి వసారా. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని మా గింజలు ఒక్కొక్కటే తీసింది. గింజ తీసిన ప్రతిసారీ "ఊఁ, రా మరి" అనేది, పళ్ళ డాక్టరులాగా. తర్వాత ఉప్పు కలిపి, జాడీలో అదిమి, మూతికి పాత పంచె ముక్క కట్టి వంటింటి అలమరలో పెట్టింది. ఆ పంచె ముక్క పల్చన. అందువల్ల ఆ ఇంట్లో జరిగేదంతా నాకు వినబడేది, సగం కనబడేది.

ఇంట్లో మనుషులు ముగ్గురు. మాణిక్యాంబ, ఆవిడ కొడుకు గోపీనాథ్, కోడలు హైమావతి. గోపీనాథ్ గూడ్సు బండికి గార్డు. ఏ వేళకు వెళ్తాడో ఏ వేళకు వస్తాడో రైల్వేవాళ్ళకు కూడా సరిగ్గా తెలియదు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు. అత్తాకోడళ్ళిద్దరూ గుసగుసగా మాట్లాడుకోవడం అలా అలవాటైంది. ఆ గుసగుసల వల్లే కాబోలు వాళ్ళ మధ్య పోట్లాటలు కూడా మెత్తగా ఉండేవి.

హైమ కాకినాడలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. వంటింటి చెత్తతో నలుసులాంటి కర్బనపు రేణువులు తయారుచేసి, వాటి వెలుగుతో నీళ్ళలో ఏం కలిసిందో కనిపెట్టడం ఆమె పని. పక్కింటివాళ్ళు మీ కోడలేం చదువుతోందని అడిగితే మాణిక్యాంబ తనకు అర్థమైనట్టు చెప్పేది.

"నేను పులుసు వండి పిప్పి పారేస్తానా? అది పిప్పి వండి వెలుతురు తీస్తానంటుందండి. పోన్లెండి, మా ఇంట్లో ఏదీ వేస్టు కాదు."

పోయినేడు హైమకు కడుపు నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఈసారి మళ్ళీ నెల తప్పినప్పుడు మాణిక్యాంబ ఎవరికీ చెప్పకుండా అటక మీద నుంచి ఒక ఇత్తడి తపేలా దింపింది. అది వాళ్ళమ్మది. గోపీనాథ్ కడుపులో ఉండగా వేవిళ్ళతో ఏదీ ఇమడకపోతే, వాళ్ళమ్మ ఆ తపేలాలో చారు కాచి తాగించి తనను నిలబెట్టిందట. తపేలా బాగానే ఉంది గానీ లోపల కళాయి, అంటే తగరపు పూత, మొత్తం పోయింది. కళాయి లేని ఇత్తడిలో పులుపు కాస్తే చిలుమెక్కుతుందని ఆవిడకు తెలుసు. ఆ జాగ్రత్త ఆవిడకు పుట్టుకతో వచ్చింది.

కళాయిలు వేసేవాళ్ళు వీధుల్లోకి రావడం మానేసి ఎన్నాళ్ళయిందో. పెళ్ళి వంటవాళ్ళను అడిగి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, చివరకు ఒకతన్ని పిలిపించింది. మోపెడ్ మీద కొలిమి తిత్తి కట్టుకుని వచ్చాడు. ఆ కబురు తెలిసి వీధిలో మరో రెండు మూడు ఇళ్ళవాళ్ళు కూడా తమ అటకలు దులిపారు. పెరట్లో బొగ్గులు రాజేసి, తపేలా ఎర్రగా కాల్చి, పూత అంటుకోవడానికి నవాసాగరం పొడి చల్లేసరికి తెల్లటి పొగ వంటింట్లోకి వచ్చింది. అలమరలో మేమందరం దగ్గలేక ఊరుకున్నాం.

"లోపల నా మొహం కనపడాలి నాయనా, అలా వెయ్యాలి" అంది మాణిక్యాంబ.

"మీ మొహం రోజూ చూసుకునేదేగా అమ్మా! మీ మనవడి మొహం కనబడేలా ఏత్తాను, ఆయ్" అన్నాడతను. ఆవిడ పొంగిపోయి అతనికి పెసరట్టు పెట్టింది.

తగరపు కడ్డీ రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే తపేలా లోపల వెన్నెల పోసినట్టయింది. ఆ కడ్డీలో తగరం ఎంతో, చవకగా కలిపిన సీసం ఎంతో అమ్మినవాడికి తెలుసు. వేసినతనికి తెలియదు. వేయించుకున్నావిడకు అసలు తెలియదు.

మాణిక్యాంబకు చారు విషయంలో ఒక పట్టుదల ఉంది. చింతపండు ఏ గిన్నెలో నానిందో ఆ గిన్నెలోనే చారు కాగాలి. గిన్నె మారిస్తే రుచి చెదిరిపోతుందంటుంది. సాయంత్రం దీపం పెట్టాక నిమ్మకాయంత చింతపండు తపేలాలో వేసి నీళ్ళు పోసి మూత పెట్టేది. పొద్దున్నే పిసికి, పిప్పి తీసి కోడలి డబ్బాలో వేసి, ఆ తపేలానే పొయ్యి మీదికి ఎక్కించేది. ఇంగువ పోపు పడేసరికి హైమ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడేది. ఆ రోజుల్లో ఆమెకు ఇమిడేది అదొక్కటే.

"అత్తయ్యా, ఇవాళ బెల్లం వేశారా? తియ్యతియ్యగా ఉంది."

"బెల్లమా, నా మొహమా! కొత్త కళాయే తల్లీ. గిన్నె మంచిదైతే పులుపు కూడా తియ్యనవుద్ది. ఇంకో గ్లాసు తాగు."

మాణిక్యాంబ మాత్రం ముట్టేది కాదు. మోకాళ్ళ నొప్పులకు పులుపు పడదని ఎవరో చెప్పారు. మజ్జిగతో సరిపెట్టుకునేది. గోపీనాథ్ చారు వేళకు ఏ స్టేషన్లో సిగ్నల్ కోసం ఎదురుచూస్తున్నాడో. తపేలా మొత్తం ఒక్క హైమ కోసమే కాగేది.

నెలలు గడిచేకొద్దీ హైమ వాడిపోయింది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, తలపోటు, మెట్లెక్కితే ఆయాసం. మొదట్లో డాక్టరమ్మ కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలేనంది. మందులు వాడినా రక్తం పెరగకపోయేసరికి ఆవిడ మొహం మారింది. "వచ్చేసారికీ ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చుకోవాలమ్మా. బిడ్డ ఎదుగుదల కూడా నాకు అంత తృప్తిగా లేదు" అందట. ఆ మాట హైమ ఇంటికొచ్చి చెబుతుంటే జాడీలోంచి విన్నాను. కాసేపటికి పొయ్యి వెలిగించిన చప్పుడైంది.

ఆ తర్వాత మాణిక్యాంబ చెయ్యని పని లేదు. బోరు నీళ్ళ మీద అనుమానపడి డబ్బా నీళ్ళు తెప్పించింది. మునగాకు, బీట్‌రూటు, ఖర్జూరాలు. హైమ ఒక్కొక్కటీ రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేది. చారు మాత్రం కాదనేది కాదు. అందుకని ఆవిడ చారే ఇంకాస్త ఎక్కువ కాచేది. దగ్గర నిలబడి, వెన్ను నిమురుతూ, బతిమాలి పోసేది.

అటువంటి ఒక సాయంత్రం నా వంతు వచ్చింది. ఆవిడ వేళ్ళు జాడీలోకి వచ్చి నన్ను తీసి తపేలాలో వేశాయి. రాత్రంతా నానాను. మా పులుపుకు ఒక గుణం ఉంది, ఏ లోహం పక్కన పడుకున్నా దాన్ని కాస్త కరిగించి కలుపుకుంటుంది. తెల్లారేసరికి నా పీచుల్లోకి ఏదో బరువుగా, తియ్యగా చేరింది. అదేమిటో నాకేం తెలుసు? పొద్దున్న నన్ను పిండారు. నా పులుసు తపేలాలో ఉండిపోయింది. నేను హైమ డబ్బాలో పడి, ఆమె ఒళ్ళో కూర్చుని, కాకినాడ బస్సెక్కాను.

మనుషులు పారేసేదాన్ని కూడా ఎంత మర్యాదగా చూస్తారో ఆ ల్యాబులో తెలిసింది. నన్ను మంచి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పొడి కొట్టి, తూచారు. మళ్ళీ నీళ్ళలో కలిపి ఒక తెల్లటి గిన్నెలో పోసి, దాన్ని మందపాటి స్టీలు డబ్బాలో పెట్టి మర తిప్పి బిగించి ఓవెన్లో పెట్టారు. ప్రెషర్ కుక్కరు వంటిదే గానీ ఈల వెయ్యదు. అందులో వేడికీ వత్తిడికీ నా పీచు, నా తొక్క, నా చెట్టు, లారీల దుమ్ము అన్నీ కలిసి విడిపోయాయి. సాయంత్రానికి డబ్బా చల్లార్చి వడకట్టి చూస్తే నేను పలచటి టీ రంగు నీళ్ళుగా ఉన్నాను. చిన్న గాజు సీసాలో పోసి 'హైమ ఇల్లు' అని చీటీ అంటించారు.

నా పక్కన ఇంకో సీసా ఉంది. దాని మీద 'రెహానా ఇల్లు' అని ఉంది. రెహానా హైమతో కలిసి పనిచేసే అమ్మాయి, కాకినాడలోనే జగన్నాథపురంలో ఉంటుంది. ఆ సీసాలో ఉన్నది పరాయిది కాదు, మా జాడీలో నా పక్కనే పడుకున్న చింతపండే. రెహానా ఒకసారి ఇంటికి వస్తే మాణిక్యాంబ ఓ పొట్లం కట్టి ఇచ్చింది, "మీ అమ్మగారికి ఇయ్యమ్మా, గింజ లేదు, ఉప్పు వేసింది" అని.

పరదాలు దించి ఊదారంగు దీపం వేశారు. రెహానా ఇంటి సీసా గ్యాసు పొయ్యి సన్నమంటలాగా నీలంగా వెలిగింది. చూడముచ్చటగా ఉంది. నేనూ వెలుగుతానని ఎదురుచూశాను. కొడిగట్టిన దీపంలా ఓ మసక, అంతే.

"మళ్ళీ అదే" అంది హైమ మెల్లగా. అంతకుముందు ఆమె ఇంటి నుంచి వచ్చిన పిప్పిలన్నీ అలాగే అయ్యాయట.

వాళ్ళ పని నడిపించే మేడమ్ చూసి పెదవి విరిచింది. ఆవిడకు కావలసింది వెలిగే పిప్పి. ఆ వెలుగుతున్న నీళ్ళలో సీసం ఉన్న నీళ్ళు కలిస్తే వెలుగు తగ్గుతుంది. పెద్ద యంత్రాలేవీ లేకుండా ఏ పల్లెటూరి బడిలోనైనా, ఏ వంటింట్లోనైనా సీసాన్ని పట్టుకోవచ్చు. మసగ్గా పుట్టినదాంట్లో తగ్గడానికి ఏముంది? "హైమా, నీవన్నీ పారబోసెయ్యమ్మా. రెహానా తెచ్చేదానితోనే నడిపిద్దాం. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో, నీ మొహం నాకేం బాగాలేదు" అని వెళ్ళిపోయింది.

రెహానా నన్ను చేతిలోకి తీసుకుని సింకు దగ్గరకు నడిచింది. మా వాళ్ళందరి గమ్యమూ అదే కాబట్టి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

"పారబొయ్యనా?"

"పొయ్యి" అంది హైమ. "నా చేతిలోనే ఏదో ఉంది. కడుపులోదే ఎదగడం లేదు, సీసాలో వెలుగేం నిలుస్తుంది."

రెహానా చటుక్కున వెనక్కి తిరిగింది. "ఛ, నోరు ముయ్యి. ఏం మాటలవి? చింతపండు ఒకటే. మీ అత్తగారిచ్చిందే మా అమ్మా వాడుతోంది. ఓవెన్ ఒకటే, నీళ్ళు ఒకటే, తూచింది ఇద్దరికీ నేనే. నీ చెయ్యి మధ్యలో ఏం చేసిందంట?" అని ఆగింది. "నానబెట్టేది ఎందులో మీరు?"

"మీ ఇంట్లో?" అంది హైమ.

"స్టీలు గిన్నెలో. అందరిలాగే."

"మేం ఇత్తడి తపేలాలో. అత్తయ్య నా కోసం కొత్తగా కళాయి..."

ఆ మాట పూర్తి కాలేదు. హైమ స్టూలు మీద కూర్చుంది. ఒక చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. రెండో చెయ్యి చాచి, రెహానా దగ్గర నుంచి నన్ను తీసుకుంది. సీసం కోసం ఊళ్ళో ఉన్న కుళాయిలన్నీ వెతికారు వాళ్ళు. పొద్దున్నే తాగిన గ్లాసును ఎవరు వెతుకుతారు?

"దీన్ని పారబొయ్యకు" అంది.

మర్నాడు ఉదయం ల్యాబు తలుపు తియ్యగానే రెహానా అడిగింది, ఇంట్లో చెప్పావా అని.

"ఎలా చెప్పనే? పొద్దున్నకు చారు వద్దని నిన్న రాత్రి అన్నందుకే, నా చేతి వంట మొహం మొత్తిందా తల్లీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముందు ఖాయం కానీ. నిమ్మరసం నీళ్ళు తపేలాలో కొన్ని, స్టీలు గిన్నెలో కొన్ని రాత్రంతా ఉంచమన్నాను. చదువుకోసమని చెప్పాను. సీసాల్లో పోసుకొస్తానంటే వినలేదు. తపేలాతో సహా తనే తెస్తానంది. బస్సులో నేను పట్టుకుంటే సొట్ట పెడతానట. నన్ను ముందు పంపించి వెనకాల వస్తోంది."

మాణిక్యాంబ తువ్వాలులో కట్టిన తపేలాను చంకన పెట్టుకుని, రెండో చేతిలో స్టీలు క్యారియరు గిన్నెతో వచ్చింది. వస్తూనే రెహానాతో, "బస్సులో ఒకాయన నా పక్కనుంచి కదల్లేదమ్మా. ప్రసాదమనుకున్నాడు. ఎక్కడ పంచిపెడతారండీ అని అడిగాడు" అని నవ్వింది. గాజు సామానంతా చూసి, తోమేవాళ్ళ మీద జాలిపడింది. కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

పరదాలు దించారు. రెహానా తన వెలిగే నీళ్ళు రెండు గాజు గొట్టాల్లో పోసింది. దీపం వేయగానే మాణిక్యాంబ, "అబ్బ! నెమలి మెడలా ఎంత బాగుందే! ఇదా నువ్వు చేసేది? ఇన్నాళ్ళూ చూపించలేదేం?" అంది. మొదటి గొట్టంలో స్టీలు గిన్నె నీళ్ళు చుక్కలు వేశారు. వెలుగు పిసరంత తగ్గి నిలబడింది. రెండో గొట్టంలో తపేలా నీళ్ళు వేశారు. ఒత్తి లోపలికి లాగినట్టు నీలం కుంగి, కుంగి, పోయింది. అచ్చం నాలాగా అయింది.

"అదేవిటే, ఆరిపోయిందీ?"

రెహానా, "ఆంటీ, టీ తాగుతారా?" అంది, మరీ గబగబా. మాణిక్యాంబ ఆ అమ్మాయి వంక చూడలేదు. తపేలా వంక చూసింది, తర్వాత కోడలి మొహం చూసింది. ఇంటిల్లిపాదికీ ఏ కూర ఎందుకు రుచించలేదో మొహం చూసి చెప్పగల మనిషి ఆవిడ.

"నా గిన్నెదేనా?"

"కళాయిలో సీసం కలిసినట్టుందత్తయ్యా."

"సీసమంటే విషమే కదా."

హైమ తల ఊపింది.

"రోజూ నేనే పోశాను కదే" అంది మాణిక్యాంబ. గొంతు పైకి రాలేదు, ఇంట్లో కొడుకు నిద్రపోతున్నప్పటి గొంతే. "నువ్వు చాలంటే కూడా బతిమాలి పోశాను."

హైమ నన్ను తీసి అత్తగారి చేతిలో పెట్టింది. "ఇది చూడండి. ఇది కూడా మీరు పిండిచ్చిందే. ఇలాంటివి వెలగలేదని నేను రోజూ ఏడ్చాను. వెలగలేదు కాబట్టే తెలిసింది. మీరు నాకు పిప్పి దాచి ఇవ్వకపోతే ఇంకా తాగుతూనే ఉండేదాన్ని కదా."

ఆవిడవి పనిచేసిన చేతులు, గరుకుగా ఉంటాయి. నన్ను చెట్టు నుంచి రాల్చిన చేతులు, నా గింజ తీసిన చేతులు, నన్ను పిండిన చేతులు అన్నీ నాకు తెలుసు. ఆవిడ ఏడుస్తుందని అందరం అనుకున్నాం. ఆవిడ నన్ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కొంగు బిగించింది.

"గిన్నె సంగతీ నా సంగతీ తర్వాత. డాక్టరమ్మ ఇప్పుడుంటుందా? లే, పద."

తపేలాను అక్కడే వదిలేసి కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి సంగతులు ల్యాబులో చెప్పుకుంటుంటే విన్నవే. రక్తంలో సీసం ఉందని పరీక్షలో తేలింది. ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది గనుక, ఆపేస్తే నెమ్మదిగా దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది. దిగింది. రక్తం కూడా మెల్లగా పట్టింది. పూర్తిగా భయం పోయిందని మాత్రం ఎవరూ అనలేదు, ప్రసవమయ్యేదాకా అందరూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు.

మాణిక్యాంబ మరో పని చేసింది. కళాయి వేయించుకున్న ప్రతి ఇంటికీ తనే వెళ్ళి, "మా కోడలికి నా చేత్తో నేనే విషం పెట్టానండి, మీరు పెట్టకండి" అని చెప్పింది. పరువు పోతుందేమోనని గోపీనాథ్ గొణిగితే, "నువ్వు నిద్రపో నాయనా" అందట. వాళ్ళ గిన్నెల్లో నిమ్మకాయ నీళ్ళు నానబెట్టించి, సీసాల్లో పోసుకుని కాకినాడ బస్సెక్కి పట్టుకొచ్చింది. కళాయి వేసినతన్ని కూడా వెతికి పట్టుకుంది. అతను తన కడ్డీలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈటితోనే మా ఇంట్లో గిన్నెలకీ ఏశానండమ్మా" అని కూలబడ్డాడు. ఆవిడ అతన్నీ తిట్టలేదు. వాళ్ళావిడను వెంటబెట్టుకుని వెళ్ళమని, డాక్టరమ్మ అడ్రసు చెప్పింది.

మేడమ్ ఆ తర్వాత నన్ను పారబొయ్యమనలేదు. వెలిగే సీసాల ఫొటోలు ఎక్కడెక్కడి పత్రికలకో వెళ్ళాయి. వాటిని సదస్సులకు తీసుకెళ్ళేవారు, జాగ్రత్తగా తిరిగి తెచ్చేవారు. నేను కిటికీ పక్క చెక్క స్టాండులో ఉండిపోయాను. నా చీటీ కొస లేచిపోతే రెహానా మళ్ళీ జిగురు పెట్టి అంటించింది. తపేలాను మాణిక్యాంబ అమ్మలేదు, పారెయ్యలేదు. వాళ్ళమ్మది కదా. పెరట్లో మేకుకు వేలాడదీసి అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటోందని హైమ చెప్పింది.

మొన్న ఆవిడ ల్యాబుకు వచ్చింది. చంకలో ఈసారి తపేలా లేదు. దానికన్నా జాగ్రత్తగా, తువ్వాలులో చుట్టిన మనవరాలుంది. పుట్టినప్పుడు కాస్త తూకం తక్కువట. అరుపులో ఆ తక్కువ ఎక్కడా కనబడలేదు. మేడమ్ ముచ్చటపడి పరదాలు దింపించి, తనకు బంగారంలాంటి వెలిగే సీసా తెచ్చి దీపం కింద పెట్టింది. నీలంగా వెలిగింది. పాప అరుపు ఆపి అటు చూసింది.

"ఇది చాలా బాగుందండి" అంది మాణిక్యాంబ మర్యాదగా. "మాది ఎక్కడుంది?"

హైమ నన్ను తెచ్చి దీపం కింద పెట్టింది. నేను ఎప్పటిలాగే మసగ్గా ఉన్నాను. పాప ఆవులించింది. మాణిక్యాంబ వంగి, చూపుడు వేలితో నా మూతి మీది దుమ్ము తుడిచి, చాలాసేపు చూసింది.